చిత్తరువులలో వంశప్రతిష్ఠ

1485వ సంవత్సరం అక్టోబరు 23వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో ఒక ఒప్పందపత్రం వ్రాసుకున్నారు. అందులో ఒక పక్షం, తల్లిదండ్రులు వదలివేసిన పసిబిడ్డలను పెంచే ఒక ధర్మసంస్థ. రెండవ పక్షం, దొమెనికో గిర్లాండాయో అనే చిత్రకారుడు. తూర్పుదేశపు జ్ఞానులు శిశువైన క్రీస్తును దర్శించుకునే ఘట్టాన్ని అతడు చిత్రించాలి. ప్రతిఫలం 115 ఫ్లారిన్లు. పని ఆసాంతం అతని చేతిమీదుగానే జరగాలని పత్రంలో ఉంది. దానితోపాటు మరొక షరతు కూడా ఉంది. చిత్రంలో వాడే నీలం ఔన్సు నాలుగు ఫ్లారిన్ల ధర పలికేదై ఉండాలి.

ఆ నీలం మన దేశానికి వాయవ్యాన, నేటి ఆఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ కొండలలో పుట్టేది. మన ప్రాచీనులు రాజావర్తమని పిలిచిన రాతిని నూరి, వడగట్టి, శుద్ధి చేస్తే వచ్చే రంగు అది. ఐరోపావారు దానికి పెట్టుకున్న అల్ట్రామెరీన్ అనే పేరుకు ‘సముద్రానికి ఆవలిది’ అని అర్థం. నగ చేయించేవాడు కంసాలితో బంగారం మాటు గురించి ముందే మాట్లాడుకున్నట్లు, చిత్రం చేయించేవాడు రంగు ధర గురించి పత్రం వ్రాయించుకునేవాడు. పునరుజ్జీవన యుగపు చిత్రాలను నేడు మనం కళాఖండాలని పిలుస్తున్నాము. వాటికి డబ్బు చెల్లించినవారి దృష్టిలో అవి మరికొన్ని కూడా. తమ సంపదకు సాక్ష్యాలు, తమ వంశానికి హక్కుపత్రాలు.

ఈ సంగతి చిత్తరువుల విషయంలో మరింత స్పష్టం. అంతకుముందటి శతాబ్దాలలో సామాన్య గృహస్థుని ముఖం చిత్రంలో కనబడాలంటే, దేవతామూర్తి పాదాలవద్ద ఏదో ఒక మూల, చిన్న ఆకారంలో, మోకరిల్లి కనబడవలసిందే. 15వ శతాబ్దంలో ఆ ముఖం మూల నుంచి మధ్యకు జరిగింది. ఫ్లారెన్స్‌లో ఇది మరీ విస్తారంగా సాగడానికి కారణం లేకపోలేదు. ఆ నగరం పేరుకు గణతంత్రం. రాజు లేడు, రాజవంశమూ లేదు. ఉన్నవారు ఉన్ని వర్తకులు, పట్టు వర్తకులు, వడ్డీ వ్యాపారులు, బ్యాంకర్లు. పుట్టుకతో రాజులైనవారు తమ రాజసాన్ని రుజువు చేసుకోనక్కరలేదు. లెక్కల పుస్తకాల నుంచి పైకి వచ్చినవారికి ఆ అవసరం ఎంతైనా ఉంటుంది.

మెడిచీ కుటుంబమే అందుకు ఉదాహరణ. వారి బ్యాంకు 1397లో స్థాపితమైనది. మూలపురుషుని కుమారుడు కోజిమో 1433లో దేశబహిష్కృతుడై, మరుసటి సంవత్సరమే తిరిగివచ్చి, ఏ పదవీ శాశ్వతంగా స్వీకరించకుండానే నగరాన్ని తన చేతిలోకి తెచ్చుకున్నాడు. 1459లో బెనొజ్జో గొజ్జోలి అనే చిత్రకారుడు వారి ఇంటిలోని ప్రార్థనామందిరం గోడలపై జ్ఞానుల ఊరేగింపును చిత్రించాడు. గుర్రాలు, వేటకుక్కలు, జలతారు వస్త్రాలు, బంగారు జీనులు! ఆ పరివారంలో మెడిచీలు తామే సాగిపోతుంటారు. వృద్ధుడైన కోజిమో మాత్రం గుర్రం మీద కాక కంచరగాడిద మీద కూర్చున్నాడు. గణతంత్రంలో ధనవంతుడు తన వినయాన్ని కూడా అందరికీ కనబడేటట్లు ప్రదర్శించవలసి ఉంటుంది కాబోలు! చిత్రకారుడు కూడా తక్కువవాడు కాదు. గుంపులో తన ముఖాన్నీ చేర్చి, టోపీ అంచున తన పేరు వ్రాసుకున్నాడు.

మరికొన్ని సంవత్సరాలకు, సుమారు 1475లో, బొత్తిచెల్లి అదే ఘట్టాన్ని ఒక చర్చిలోని పీఠం కోసం చిత్రించాడు. చిత్రం చేయించినవాడు మెడిచీ కాదు, గాస్పరే దెల్ లామా అనే ఒక ద్రవ్య వ్యాపారి. అయినా అందులో దేవమాత ముందు మోకరిల్లిన జ్ఞానికి పెట్టిన ముఖం కోజిమోది. తక్కిన ఇద్దరు జ్ఞానులకు పెట్టినవి అతని కుమారుల ముఖాలు. అప్పటికి ఆ తండ్రీకొడుకులు ముగ్గురూ కాలధర్మం చెందినవారే. గాస్పరే తన ముఖాన్ని కూడా గుంపులో ఒకచోట ఇరికించుకున్నాడు. పెద్దింటివారి పెళ్ళిలో పక్కన నిలబడి ఛాయాచిత్రం తీయించుకునే మనిషిని ఎరిగినవారికి గాస్పరే మనసు తెలియడం కష్టం కాదు.

ముఖానికి అంత గౌరవం ఉన్నచోట అదే ముఖంతో అవమానించడం కూడా సాధ్యమవుతుంది. 1478 ఏప్రిల్ 26న, ఫ్లారెన్స్ ప్రధాన దేవాలయంలో ప్రార్థన జరుగుతుండగా పాత్సీ కుటుంబానికి చెందిన కుట్రదారులు మెడిచీ సోదరులపై కత్తులు దూశారు. తమ్ముడు జూలియానో మరణించాడు. అన్న లొరెన్జో గాయంతో తప్పించుకున్నాడు. పట్టుబడినవారిని ఉరితీసిన తరువాత, ఉరికంబం మీద వేలాడుతున్న వారి ఆకారాలను ప్రభుత్వ భవనం వెలుపలి గోడ మీద చిత్రించే పని బొత్తిచెల్లికే దక్కింది. మెడిచీలను జ్ఞానులుగా చిత్రించిన కుంచె, వారి శత్రువులను శవాలుగా చిత్రించింది. 1494లో మెడిచీలు నగరం నుంచి వెళ్ళగొట్టబడినప్పుడు ఆ చిత్రాలను చెరిపివేశారు. గోడ మీద ఎవరి ముఖం ఉండాలో ఎవరిది ఉండకూడదో అధికారం నిర్ణయించేది.

ఇంతవరకు చెప్పినది పురుషుల మాట. వంశగౌరవం అనే బరువును నిజంగా మోసినవి స్త్రీల చిత్తరువులు.

ఫ్లారెన్స్‌లో ఆడపిల్ల వివాహమంటే రెండు కుటుంబాల మధ్య ఒడంబడిక. కట్నాలు ఎంత పెరిగాయంటే, 1425లో నగర ప్రభుత్వమే ఒక కట్నాల నిధిని నెలకొల్పవలసి వచ్చింది. ఆడపిల్ల పసితనంలో తండ్రి అందులో సొమ్ము జమ చేస్తే, నిర్ణీత కాలానికి అది పెరిగి, వివాహం జరిగిన తరువాత భర్త చేతికి అందేది. మరొకవైపు పెళ్ళికుమారుడు వధువుకు పట్టుబట్టలు, నగలు పెట్టి తన ఇంటికి తీసుకువెళ్ళేవాడు. ఆ నగలు ఆమెవి కావు, భర్తవే. పెళ్ళి వేడుకలు ముగిశాక వాటిని అమ్మివేయడమో మరొక వధువుకు ఎరువివ్వడమో పరిపాటి. చిత్రంలో మాత్రం ఆ నగ ఆమె మెడలో శాశ్వతంగా ఉండిపోయేది. కట్నమూ, పెట్టుపోతలూ తెలిసిన మన పాఠకులకు ఈ ఏర్పాటును వేరే వివరించనక్కరలేదు.

1486లో అల్బీత్సి కుటుంబపు కుమార్తె జొవాన్నా, తోర్నబువోని కుటుంబపు కుమారుడు లొరెన్జోను వివాహమాడింది. వరుని తండ్రి రోములో మెడిచీ బ్యాంకు వ్యవహారాలు నడిపినవాడు. 1487లో ఆమెకు మగబిడ్డ పుట్టాడు. 1488 అక్టోబరులో, రెండవ కానుపు రాకముందే, గర్భవతిగా ఉండగానే ఆమె మరణించింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు నిండలేదు.

ఆమె చిత్తరువు మీద ఉన్న సంవత్సరం 1488. చిత్రించినవాడు ఇందాకటి గిర్లాండాయోయే. జొవాన్నా పక్కకు తిరిగి, నిటారుగా నిలబడి ఉంటుంది, మనవైపు చూడదు. ప్రాచీన రోమను నాణేల మీద చక్రవర్తుల ముఖాలు అలాగే ఉండేవి గనుక ఆ భంగిమకు ఒక గౌరవం. మెడలో పతకం, వెనుక గూటిలో మరొక నగ, ఒక ప్రార్థనాగ్రంథం, వేలాడుతున్న పగడాల మాల. ఒక చీటీ మీద ప్రాచీన రోమను కవి మార్షియల్ మాటలను మార్చి వ్రాసిన లాటిన్ పంక్తులు ఉన్నాయి. ఆమె గుణాన్ని కూడా చిత్రించగలిగే శక్తి కళకు లేదన్న విచారం వాటి భావం. బంగారు జరీతో మెరిసే ఆమె దుస్తుల మీద, భుజం దగ్గర, ఒక అక్షరం నేతలో కలిసిపోయి కనిపిస్తుంది. అది ‘ఎల్’. భర్త పేరులోని మొదటి అక్షరం. అత్తింటివారి వజ్రపు చిహ్నం కూడా అక్కడే ఉంది.

ఇక్కడ ఒక మాట ఆమె భర్త పక్షాన కూడా చెప్పాలి. అతడు మళ్ళీ వివాహమాడాడు. అయినప్పటికీ జొవాన్నా చిత్తరువు అతని గదిలోనే ఉండిపోయిందని ఆ ఇంటి సామాను జాబితా చెబుతున్నది. అది కేవలం వంశాడంబరమే అయితే అంతకాలం అక్కడ ఉంచుకోవలసిన పని లేదు. ప్రదర్శనకోసం చేయించిన బొమ్మలోకి దుఃఖం ప్రవేశించడం అసంభవమేమీ కాదు. 1497లో మెడిచీలను తిరిగి అధికారంలోకి తీసుకురావడానికి జరిగిన కుట్రలో చేరినందుకు లొరెన్జో తోర్నబువోనికి శిరచ్ఛేదం జరిగింది.

ఇటువంటి కథ ఫ్లారెన్స్‌లోనే జరిగిందని కాదు. ఉర్బీనో ప్రభువు ఫెదెరికో దా మొంతెఫెల్త్రో, అతని భార్య బత్తిస్తా స్ఫోర్జా ఒకరికొకరు ఎదురుగా నిలిచిన జంట చిత్తరువులు చాలామంది చూసినవే. పియెరో దెల్లా ఫ్రాంచెస్కా వాటిని చిత్రించాడు. బల్లెపు పోటీలో కుడికన్ను పోగొట్టుకున్న ఫెదెరికో ఎడమ పార్శ్వం మాత్రమే చూపుతాడు. ఎదుట బత్తిస్తా పాలిపోయి, మైనపు బొమ్మలా ఉంటుంది. వరుసగా ఆడపిల్లలను కన్న ఆమె 1472 జనవరిలో వంశానికి మగబిడ్డను ఇచ్చి, అదే సంవత్సరం జూలైలో ఇరవయ్యారేళ్ళ వయసులో కన్నుమూసింది. చిత్రం ఆమె మరణానంతరం వేసినదని పలువురు పండితుల అభిప్రాయం.

16వ శతాబ్దానికి మెడిచీలు బ్యాంకర్ల వేషం విడిచి ప్రభువులైపోయారు. కాని ఆ ప్రభుత్వం కొత్తది, బలహీనమైనది. 1537 జనవరిలో డ్యూకు అలెస్సాండ్రో హత్యకు గురైతే, కుటుంబంలోని మరొక శాఖ నుంచి పదిహేడేళ్ళ కోజిమోను తెచ్చి గద్దె మీద కూర్చోబెట్టారు. పెద్దలు కుర్రవాణ్ణి తమ చెప్పుచేతలలో ఉంచుకోవచ్చనుకున్నారు. అతడు వారికా అవకాశం ఇవ్వలేదు. 1539లో నేపుల్స్‌ను స్పెయిన్ తరఫున పాలించే రాజప్రతినిధి కుమార్తె ఎలియనోరాను వివాహమాడి, తన వంశాన్ని స్పెయిన్ దేశపు గొప్పింటితో ముడివేసుకున్నాడు. తన కొలువులోని చిత్రకారుడు బ్రొంజినో చేత కుటుంబంలోని ఒక్కొక్కరి చిత్తరువునూ వేయించాడు. వాటికి ప్రతులు తీయించి ఇతర రాజాస్థానాలకు కానుకలుగా పంపించాడు. ఫ్లారెన్స్‌ను ఏలేది ఎవరో, తరువాత ఏలబోయేది ఎవరో ఆ కానుకలు చెప్పకయే చెప్పేవి.

బ్రొంజినో సుమారు 1545లో వేసిన ఎలియనోరా చిత్తరువు ఈ మొత్తం సంప్రదాయానికి శిఖరం. మీటరుకు మించిన ఎత్తున్న ఆ చిత్రంలో మొదట కంటికి కనబడేది ముఖం కాదు, వస్త్రం. తెల్లని పట్టు మీద నల్లని మఖమలు లతలు, నడుమ బంగారు దానిమ్మలు. దానిమ్మ సంతానసమృద్ధికి గుర్తు. ఆ పక్కన చిన్నారి కుమారుడు జొవాన్ని నిలబడి ఉన్నాడు. తల్లి చేయి అతని భుజం మీద ఉంది. వెనుక ఉన్న ముదురు నీలం ఆమె శిరస్సు చుట్టూ కొద్దిగా తేలికై, దేవతల చుట్టూ ఉండే ప్రభామండలాన్ని స్ఫురింపజేస్తుంది. ఆమె ముఖంలో మాత్రం ఏ భావమూ లేదు. బ్రొంజినో మనుషులకు చర్మానికి బదులు పాలరాయి ఉంటుందన్న విమర్శ ఉన్నది. ఆ విమర్శ నిజమే కాని, అది అతని అశక్తత వలన కలిగినది కాదు. అతనికి అప్పగించిన పని అదే. రాతికి ముసలితనం రాదు, చావు లేదు. వంశం తన గురించి చెప్పుకోదలచుకున్నదీ అదే.

ఆ రాతిముఖం వెనుక ఉన్న స్త్రీ చాలా చురుకైనది. పదకొండుమంది బిడ్డలను కన్నది. భర్త నగరంలో లేనప్పుడు అతని తరఫున పాలన సాగించింది. 1549లో తన సొంత డబ్బుతో ఆర్నో నది ఆవలి ఒడ్డున పిత్తి అనే మహలును కొన్నది. చిత్రంలో ఇవేవీ లేవు. భార్యాత్వము, మాతృత్వము, పట్టువస్త్రము మాత్రమే ఉన్నాయి.

అదే చిత్రకారుడు వేసిన మరొక చిత్తరువులో ఒక చిన్నపిల్ల ఉంది. పేరు బియా. కోజిమోకు పెళ్ళికి ముందు పుట్టిన కూతురు. తల్లి ఎవరో చరిత్ర నిశ్చయంగా చెప్పదు. 1542లో ఐదారేళ్ళ వయసులోనే ఆ పిల్ల జ్వరంతో చనిపోయింది. తెల్లని పట్టుబట్టలు, ముత్యాలు, నీలి నేపథ్యం. మెడలోని బంగారు గొలుసుకు ఒక పతకం. ఆ పతకం మీద తండ్రి ముఖం. అధికారికంగా వంశంలో చేరని బిడ్డకు ఆ పతకమే వంశపు ముద్ర. ఎలియనోరా పాలరాతి ముఖం ముందు నిలిచి దూరం పాటించినవారు కూడా, కుర్చీ చేతిని పట్టుకున్న ఈ పిల్ల ముందు అంత నిబ్బరంగా ఉండలేరు.

చిత్రంలో తల్లి పక్కన నిలబడిన జొవాన్ని పదహారేళ్ళకే కార్డినల్ అయ్యాడు. 1562 శరత్కాలంలో ఆ కుటుంబం సముద్రతీరపు చిత్తడినేలల మీదుగా ప్రయాణం చేసింది. నవంబరులో జొవాన్ని, డిసెంబరులో అతని తమ్ముడు గార్జియా, వారి వెనుకనే ఎలియనోరా, నెలరోజుల లోపల ముగ్గురూ మరణించారు. అన్నను తమ్ముడు చంపాడనీ, తమ్ముణ్ణి తండ్రి చంపాడనీ శతాబ్దాలపాటు వదంతులు నడిచాయి. 21వ శతాబ్దంలో వారి ఎముకలను పరీక్షించిన శాస్త్రజ్ఞులకు దొరికినది మలేరియా ఆనవాలు. 1857లో ఆమె సమాధిని తెరిచినప్పుడు శిథిలమైన పట్టువస్త్రం బయటపడింది. చిత్తరువులోని దుస్తులతోనే ఆమెను పాతిపెట్టారని లోకం చాలాకాలం నమ్మింది. నిపుణులు ఆ పీలికలను జాగ్రత్తగా విప్పి చూస్తే అది వేరే వస్త్రమని తేలింది. దానిమ్మపండ్ల పట్టువస్త్రం చిత్రంలో మాత్రమే మిగిలింది.

కోజిమో 1569లో గ్రాండ్ డ్యూకు బిరుదు సంపాదించాడు. ఆ బిరుదు మరి 168 సంవత్సరాలు ఆ ఇంటిలో నిలిచింది. ఈ తరాలలో చివరివారికి మన దేశంతో ఒక సంబంధం ఉంది. పాత గోవాలోని బొమ్ జీసస్ దేవాలయంలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం ఉన్న వెండి పేటిక క్రింద, రంగురాళ్ళతోనూ కంచు ఫలకాలతోనూ చేసిన ఉన్నతమైన పీఠం ఒకటి ఉంది. మూడవ కోజిమో దానిని ఫ్లారెన్స్‌లో శిల్పి ఫొజ్జీని చేత చేయించి గోవాకు కానుకగా పంపాడు; 1698లో దానిని అక్కడ నిలిపారు. తన రాజ్యంలో ఖజానా వట్టిపోతున్నా సముద్రాల ఆవలికి వంశకీర్తిని పంపగలిగాడు గాని, వంశాన్ని నిలుపుకోలేకపోయాడు. పెద్దకొడుకు 1713లో సంతానం లేకుండా పోయాడు. రెండవ కొడుకు జన్ గస్తోనేకూ పిల్లలు లేరు. జర్మనీలో ఎలెక్టర్‌ను వివాహమాడి, భర్త పోయాక 1717లో పుట్టింటికి తిరిగి వచ్చిన కుమార్తె అన్నా మరియా లుయిజాకూ పిల్లలు లేరు.

ఫ్లారెన్స్ ఎవరికి చెందాలో ఐరోపా రాజ్యాలు ఆ నగరాన్ని అడగకుండానే తేల్చుకున్నాయి. 1737 జూలైలో జన్ గస్తోనే చనిపోగా రాజ్యం లొరేన్ ప్రభువు ఫ్రాన్సిస్‌కు దక్కింది. సింహాసనం మీద అన్నా మరియా లుయిజాకు ఎట్టి హక్కూ లేదు. చిత్రాలు, శిల్పాలు, గ్రంథాలు, రత్నాలు మాత్రం ఆమె సొంతం. కొత్త ప్రభువులు వాటిని వియన్నాకు తరలించుకుపోకుండా ఆపేవారెవరూ లేరు. ఆ సంవత్సరం అక్టోబరు 31న ఆమె కొత్త ప్రభువుతో ఒక ఒప్పందం చేసుకుంది. వంశం మూడు శతాబ్దాలపాటు కూడబెట్టినదంతా అతనికీ అతని వారసులకూ ఇస్తుంది. అయితే అందులో ఏ వస్తువూ నగరం దాటిపోకూడదు. అవి రాజ్యానికి అలంకారంగా, ప్రజలకు ఉపయోగంగా, పరదేశీయులను ఆకర్షించేవిగా ఉండాలన్నది ఆమె వ్రాయించుకున్న షరతు. మెడిచీలు వ్రాయించిన పత్రాలన్నింటిలోకి దూరదృష్టి గలది ఇదేననడంలో అతిశయోక్తి లేదు. ఆమె 1743 ఫిబ్రవరిలో, ఎలియనోరా కొన్న పిత్తి మహలులోనే కన్నుమూసింది.

1769లో ఉఫీజీ చిత్రశాల తలుపులు ప్రజలకు తెరుచుకున్నాయి. ఎలియనోరా, ఆమె కుమారుడు, చిన్నారి బియా ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఒకనాడు ఇతర ప్రభువులను అదరగొట్టడానికి వేయించిన ఆ ముఖాలను, టిక్కెట్టు కొన్నవారెవరైనా ఎంతసేపైనా చూడవచ్చు.

తోర్నబువోనిలకు అటువంటి ఆడపడుచు లేదు, అటువంటి ఒప్పందమూ లేదు. జొవాన్నా చిత్తరువు ఇల్లు మారి, దేశం మారి, 20వ శతాబ్దంలో అట్లాంటిక్ సముద్రం దాటి న్యూయార్కులో జె.పి. మోర్గన్ అనే మరొక బ్యాంకరు ఇల్లు చేరింది. 1935లో ఆ కుటుంబం దానిని అమ్మగా థిస్సెన్ ప్రభువుల సేకరణలో చేరింది. ఆ సేకరణలో ప్రధానభాగాన్ని 1993లో స్పెయిన్ ప్రభుత్వం కొన్నది. జొవాన్నా ఇప్పుడు మాడ్రిడ్‌లో ఉంది. భుజం మీద ‘ఎల్’ అక్షరం అలాగే ఉంది.